ఇంటిపేరు మిగలని పరాసులు

తెలుగువాని పేరునకు ముందు ఇంటిపేరు నిలుచును. పెండ్లి సంబంధము వెదకువారు మొదట అడుగునది అదియే. పూర్వులు విడిచివచ్చిన ఊరిని బట్టియో, చేసిన వృత్తిని బట్టియో, తాతముత్తాతలలో ఒకని ఆకారమును బట్టియో పుట్టిన ఆ చిన్న మాట తరతరములుగా ఇంటిని అంటిపెట్టుకొని యుండును. మనిషి ఊరు మారినను, వృత్తి మారినను, ఇంటిపేరు మారదు. వంశమూలమును వెదకువానికి అదియే తొలిమెట్టు.

ఐతే ఒక ఇంటిపేరుతో ఈ గడ్డకు వచ్చి, ఇచ్చట కాపురములు చేసి, ఆ పేరును బిడ్డలకు మిగుల్చలేక పోయినవారు కూడ కలరు. వారు పదునెనిమిదవ శతాబ్దిలో హైదరాబాదునకు వచ్చిన పరాసులు, అనగా ఫ్రెంచివారు. వారిలో ఒక్కని పేరు మాత్రము నగరమున నిలిచినది. అదియైనను ఇంటిపేరుగా గాక పేటపేరుగా నిలిచినది. పాతబస్తీకి తూర్పుగా, మలకుపేటకు ఆవల, మూసారాంబాగు అను పేట కలదు. 2017లో ప్రారంభమైన మెట్రోరైలు కూడ అచ్చట ఆగును. అది ఫ్రాన్సు దేశమున గాస్కనీ సీమలో 1755లో జన్మించిన మిషెల్ జోకిం మరీ రేమాండు అను సేనాని పేరని, నిత్యము ఆ దారిని పోవువారిలో ఎరిగినవారు తక్కువ.

ఆ పేరు మారిన తీరు భాషాభిమానులు గమనింపదగినది. ఫ్రెంచివారు గౌరవముతో ఒకనిని పిలుచునపుడు పేరునకు ముందు 'మొస్యో' అని చేర్చుదురు. ఆ మాట దక్కను ప్రజల నోట 'మూసా' అయినది. మూసా ముసల్మానులకు చిరపరిచితమైన ప్రవక్త నామము. కనుక చెవికి కొత్తగా తోచిన ధ్వని, తెలిసిన పేరులోనికి ఒదిగిపోయినది. ఇంతకు పూర్వమే బుస్సీ సేనాని ఆ కాలపు దేశీయుల వ్రాతలలో 'మూసా బూసీ' అయి యుండెను. ఇక 'రేమాండు' అను భాగము హిందువుల నోట 'రాము' గాను, ముసల్మానుల నోట 'రహీము' గాను మారినది. ఒకే మనిషి ఒకరికి మూసారాముడు, ఇంకొకరికి మూసా రహీము. ఇరువురును అతనిని తమవానినిగా చేసికొనిరి. కాని ఆ ఆదరము వలననే అతని అసలు పేరు చెరిగిపోయినది. పేరును మార్చి పలుకుట అవమానముగా భావించు కాలము కాదది. అక్కున చేర్చుకొనుటకు అదియొక పద్ధతి.

పరాసులు ఈ నగరమునకు వచ్చుట రేమాండుతో ఆరంభము కాలేదు. 1751లో సలాబతు జంగును ఆసఫుజాహీ పీఠముపై నిలుపుటకు సేనతో కదలివచ్చినవాడు బుస్సీ. ఆ సహాయమునకు ప్రతిఫలముగా 1753లో ఉత్తర సర్కారుల రాబడి అతని సేనా వ్యయమునకై ఈయబడినది. 1756లో నవాబునకును అతనికిని వైరము వచ్చినపుడు అతడు హైదరాబాదులోని చార్‌మహలు తోటను కోటగా చేసికొని, తోడు సైన్యము వచ్చువరకు నిలిచి పోరాడెను. మరుసటి సంవత్సరము, 1757 జనవరిలో, ఆ బుస్సీ దండే బొబ్బిలికోట ముందు నిలిచెను. తెలుగునాట పసిపిల్లలకు సైతము బుస్సీ పేరు తెలియుటకు ఆ యుద్ధమే కారణము. ఉత్తర సర్కారులలో శత్రువుగా వినబడిన పేరు, సలాబతు జంగునకు అండగా నిలిచిన పేరే.

బుస్సీ దండులో పాశ్చాత్య పద్ధతిని కవాతు నేర్చిన దేశీయ సిపాయీలను 'గార్దీ'లనిరి. ఫ్రెంచిభాషలో కావలి అను అర్థము గల 'గార్ద్' అను మాటయే దానికి మూలమని పండితులు చెప్పుదురు. బుస్సీ వద్ద యుద్ధవిద్య నేర్చిన ఇబ్రహీంఖాను, తరువాత మరాఠాల పక్షమున చేరి, 1761లో పానిపట్టు యుద్ధమున పట్టువడి మరణించెను. చరిత్రలో అతడు ఇబ్రహీంఖాను గార్దీ. చూడుడు: పరాసుల ఇంటిపేరు ఒక్కటియు ఇచ్చట ఇంటిపేరుగా నిలువలేదు గాని, పరాసుల కొలువు పేరు ఒక దేశీయ వీరునికి ఇంటిపేరువలె అంటుకొన్నది.

రేమాండు 1775లో వర్తకము నిమిత్తము పుదుచ్చేరికి వచ్చెను. కొంతకాలము మైసూరు సేనలోని ఫ్రెంచి దళమున పనిచేసి, 1786లో నిజాము అలీఖాను కొలువులో చేరెను. కొలదిమందితో ప్రారంభమైన అతని దండు పదియేండ్లలో సుమారు 14,000 సిపాయీలు గల సైన్యమయ్యెను. నేడు గన్‌ఫౌండ్రీ అని ఇంగ్లీషులోను, తోప్ కా సాంచా అని ఉర్దూలోను పిలువబడు స్థలము అతడు ఫిరంగులను పోతపోయించిన కార్ఖానాయే. 1795లో మరాఠాలతో జరిగిన ఖర్డా యుద్ధమున అతని దండు పోరాడెను. ఆ సంవత్సరమే నిజాము కుమారుడు ఆలీజా తిరుగబడగా, ఆ తిరుగుబాటు నణచినవాడును అతడే. 1798 మార్చి 25వ తేదీన రేమాండు మరణించెను. అస్మాన్‌గఢ్ వద్ద మెట్టపై, నల్లరాతి సమాధి, దానిపై రెండు ఇంగ్లీషు అక్షరములు 'జె', 'ఆర్', ప్రక్కన ఇరువదిమూడడుగుల రాతిస్తంభము, ఒక స్తంభమంటపము. ప్రతి సంవత్సరము వర్ధంతి దినమున ప్రజలు అచ్చట దీపములు, అగరువత్తులు వెలిగించుచుండిరి. దేవుడు గాడు, గురువు గాడు, రాజు గాడు. ఒక కూలి సేనాని. అట్టివానికి ఇట్టి ఆరాధన దక్కుట అరుదు.

ఆ సంవత్సరమే పరాసుల కథ ముగిసినది. సెప్టెంబరు 1వ తేదీన నిజాము ఇంగ్లీషువారితో సైన్యసహకార సంధి చేసికొనెను. ఫ్రెంచి దండును రద్దుచేయుట అందలి షరతు. రేమాండు తరువాత నాయకుడైన పిరో అధీనమున నున్న సిపాయీలు జీతపు బాకీలకై తమ దొరలపైననే తిరుగబడిరి. ఆ గందరగోళమును ఆసరా చేసికొని, అక్టోబరు 22వ తేదీన రెసిడెంటు కిర్క్‌పాట్రిక్కు, అతని సహాయకుడు మాల్కం కలిసి, పెద్ద రక్తపాతము లేకుండ కొన్ని గంటలలో దండునంతను నిరాయుధము చేసిరి. ఫ్రెంచి అధికారులు నగరమునుండి పంపివేయబడిరి.

యుద్ధచరిత్రలు ఇచ్చటితో ఆగును. కాని వంశచరిత్ర ఇచ్చటనే మొదలగును. ఆ కాలమున ఈ దేశమునకు వచ్చిన ఐరోపా సైనికులలో భార్యలను వెంటబెట్టుకొని వచ్చినవారు మిక్కిలి తక్కువ. ఇచ్చటి స్త్రీలతో ఇల్లు కట్టుకొనుట నాటి వాడుక. బుస్సీ కాలమునుండి పిరో కాలము వరకు ఈ నగరమున పరాసులు తిరుగాడినది సుమారు ఏబది సంవత్సరములు. దొరలను ఓడనెక్కించి పంపవచ్చును గాని, ఇండ్లను, తల్లులను, పిల్లలను పంపుటకు సంధిపత్రమున ఏ షరతును లేదు. ఆ పిల్లలేమైరి? ఏ పేరుతో పెరిగిరి?

ఈ ప్రశ్నకు సమాధానము తెలిసికొనుటకు ముందు, ఇదే ఫ్రాన్సు దేశమునుండి ఇదే కాలమున మరియొక దిక్కునకు పోయినవారి గతిని చూడవలెను. ఉత్తర అమెరికాలోని కెనడాలో ఫ్రెంచివారు 1608లో క్విబెక్ నగరమును స్థాపించిరి. 1665లో అచ్చటికి కారిన్యాన్-సాలియేర్ అను దళము వచ్చెను. అందలి సుమారు 1,200 మంది సైనికులలో నాలుగువందల మంది వరకు అచ్చటనే స్థిరపడిరి. 1663 మొదలు 1673 వరకు ఫ్రెంచిరాజు స్వంత వ్యయముతో సుమారు 800 మంది కన్యలను అచ్చటికి పంపెను. 'రాజపుత్రికలు' అని వారికి పేరు. నేడు క్విబెక్ ప్రాంతమున ఉన్న లక్షలాది కుటుంబములు తమ మూలమును ఆ సైనికుల వరకు, ఆ కన్యల వరకు పేరుపేరున చూపగలవు.

దీనికి కారణము వారి జ్ఞాపకశక్తి కాదు, చర్చి పుస్తకము. ఫ్రాన్సులో 1539లోనే జ్ఞానస్నానములను నమోదు చేయవలెనని రాజశాసనము పుట్టెను. 1667లో మరియొక శాసనము ఆ పుస్తకమునకు రెండు ప్రతులుండవలెననియు, ఒకటి న్యాయస్థానమునకు చేరవలెననియు విధించెను. చర్చి కాలిపోయినను కచేరీ ప్రతి మిగులును. పుట్టుక, పెండ్లి, చావు మూడును అందు చేరెను. పెండ్లి పుటలో వధూవరుల తల్లిదండ్రుల పేర్లు, వారి స్వగ్రామములు వ్రాయబడెను. అన్నిటికంటె ముఖ్యమైన సంగతి మరియొకటి కలదు. ఆ పుస్తకములలో స్త్రీ పెండ్లియైనను తన పుట్టింటి పేరుతోనే వ్రాయబడెను. అందువలన తండ్రి వైపు మాత్రమే గాక తల్లి వైపు కూడ వంశము దొరకును. సిప్రియే తాంగే అను మతాచార్యుడు ఈ పుస్తకములను వెదకి, 1871 మొదలు 1890 వరకు ఏడు సంపుటములుగా కెనడా ఫ్రెంచి కుటుంబముల నిఘంటువును ప్రకటించెను.

ఆ పేర్లలోను చిక్కు లేకపోలేదు. సైనికునికి దండులో ఒక మారుపేరు పెట్టుట ఫ్రెంచివారి ఆచారము. ఒకడు 'లఫ్లేర్', అనగా పువ్వు. ఒకడు 'సాన్‌సూసీ', అనగా చింతలేనివాడు. ఒకడు 'జోలికేర్', అనగా మంచి మనసువాడు. అసలు ఇంటిపేరు తరువాత 'అనబడు' అను అర్థము గల 'ది' అను మాట చేర్చి ఈ మారుపేరును వ్రాయుదురు. కొన్ని తరములకు అన్నదమ్ములలో ఒకని సంతతి పాత పేరును, ఇంకొకని సంతతి మారుపేరును పట్టుకొనెను. ఒకే తాత మనుమలకు రెండు ఇంటిపేర్లు వచ్చెను. ఐనను రెండు పేర్లును కాగితముపై కలిసి యుండుటచే చిక్కు విడదీయుట సాధ్యమయ్యెను. పేరు మారుట వలన వంశము పోదు. మారిన సంగతిని ఎవ్వరును వ్రాయకపోవుట వలన పోవును.

కెనడాలోను భారతదేశములోను ఫ్రెంచివారి ఆధిపత్యము కూలినది ఒకే యుద్ధమున. 1759లో క్విబెక్ పడిపోయెను. 1760 జనవరిలో వందవాసి యుద్ధమున బుస్సీ ఇంగ్లీషువారికి చిక్కెను. 1763 నాటి పారిస్ సంధి ఈ రెండు ఫలితములకును ముద్ర వేసెను. ఐతే కెనడాలో ప్రభుత్వము పోయినను సుమారు 70,000 మంది ఫ్రెంచి ప్రజలు, వారి చర్చులు, వారి పుస్తకములు మిగిలెను. హైదరాబాదులో పరాసులు ప్రజగా రాలేదు, దండుగా వచ్చిరి. దండు రద్దయినపుడు దానిని జ్ఞాపకముంచుకొను సంస్థ ఏదియు వెనుక మిగులలేదు.

వేరొక కారణము ఇచ్చటి నామకరణ పద్ధతులలో కలదు. ముసల్మాను కుటుంబములలో తెలుగువారి ఇంటిపేరు వంటిది సాధారణముగా లేదు. వ్యక్తి పేరు, తండ్రి పేరు, బిరుదు, తెగ పేరు అను వానితో గుర్తింపు సాగును. తల్లి ఇంట పెరిగిన పరాసు బిడ్డడు రెండవ తరమునకే తక్కినవారిలో ఒకడగును. తెలుగు ఇండ్లలో ఇంటిపేరు తండ్రినుండి మాత్రమే సంక్రమించును. విదేశపు తండ్రి వెడలిపోయినచో, తల్లి తన ఇంటిపేరును బిడ్డకు ఈయజాలదు. తండ్రి పేరును పలుకుటకు నోరు తిరుగదు. ఎటుచూచినను ఆ బిడ్డకు నిలుచునది ఒంటిపేరు మాత్రమే.

పేరు మార్పు ఎంత త్వరగా మనిషిని మరుగుపరచునో తెలుపుటకు హైదరాబాదులోనే జరిగిన ఒక ఉదంతము చాలును. ఫ్రెంచి దండును రద్దుచేసిన కిర్క్‌పాట్రిక్కే పాతబస్తీలోని ఒక ఉన్నత కుటుంబపు కన్య ఖైరున్నీసాను వివాహమాడెను. వారికి ఇద్దరు బిడ్డలు, సాహెబ్ ఆలం, సాహెబ్ బేగం. 1805లో పసితనముననే వారిని ఇంగ్లండునకు పంపిరి. అచ్చట జ్ఞానస్నానము చేయించి విలియం జార్జి కిర్క్‌పాట్రిక్కు, కేథరిన్ అరోరా కిర్క్‌పాట్రిక్కు అని పేర్లు పెట్టిరి. ఆ బిడ్డలు తల్లిని మరల చూడలేదు. ఐనను ఆ బాలిక పెద్దదై, 1840 ప్రాంతమున హైదరాబాదులోని తన అమ్మమ్మ షరఫున్నీసాతో ఉత్తరములు నడిపెను. ఇన్ని సంవత్సరముల పిదప ఆ దారి దొరకుటకు కారణము తండ్రి పెద్ద అధికారియగుట, కాగితములు మిగులుట. పేరులేని ఫ్రెంచి సార్జెంటు బిడ్డకు అట్టి భాగ్యము కలుగుటకు వీలులేదు.

ఇదే తెలుగుదేశమున దీనికి భిన్నమైన ఒక ఊరు కలదు. గోదావరి తీరమునందలి యానాము 1954 వరకు ఫ్రెంచివారి పాలనలో నుండెను. జనన మరణ వివాహములను నమోదు చేయు ఫ్రెంచి పద్ధతి అచ్చట అమలులో నుండెను. 1881 సెప్టెంబరు 21 నాటి శాసనము ప్రకారము, ఫ్రెంచి భారతమున ఎవ్వరైనను తమ మతధర్మశాస్త్రమును వదలుకొని ఫ్రెంచి పౌరన్యాయమును స్వీకరింపవచ్చును. అట్లు చేసినవాడు తనకును తన సంతతికిని ఒక ఇంటిపేరును ఎన్నుకొని వ్రాయించుకొనవలెను. అనగా తరతరముల వాడుకలో ఏర్పడవలసిన ఇంటిపేరు, ఒక్క దినమున కచేరీ బల్లయొద్ద పుట్టెను. పుదుచ్చేరి, కారైకాలు పట్టణములలో ఇట్టివారు హెచ్చు. ఫ్రెంచి భారతపు నమోదు పుస్తకముల ప్రతులు ఫ్రాన్సులోని ఎక్స్-అన్-ప్రొవాన్స్ నగరమందలి వలస రాజ్యముల దస్తావేజుల భాండాగారమున భద్రముగా ఉన్నవి.

ఇక వ్రాసినంత మాత్రమున అంతయు నిలుచునని అనుకొనుటయు పొరపాటే. పందొమ్మిదవ శతాబ్దిలో కోరంగి మొదలైన రేవులనుండి చెరకుతోటల పనికై మారిషస్ దీవికి పోయిన తెలుగువారిని అచ్చట నేటికిని 'కొరంగీ'లని వ్యవహరింతురు. వారు దిగిన రేవులో గుమాస్తా వారి పేరును, తండ్రి పేరును, ఊరిని వ్రాసికొనెను. ఇంటిపేరును అడుగవలెనని అతనికి తెలియదు. అందుచే అప్పడు, అప్పన్న వంటి వ్యక్తిపేర్లే తరువాతి తరములకు ఇంటిపేర్లై కూర్చున్నవి. ఆ పుస్తకములు మోకా పట్టణములోని మహాత్మాగాంధి సంస్థలో ఉన్నవి. తాతల ఊరిని వెదకు మారిషస్ తెలుగువారు నేడు వానినే ఆశ్రయించుచున్నారు. పరాసులు హైదరాబాదులో తమ ఇంటిపేరును పోగొట్టుకొన్నట్లే, తెలుగువారు ఆ దీవిలో తమ ఇంటిపేరును పోగొట్టుకొనిరి. తేడా ఒక్కటే: వీరికి ఊరిపేరైనను కాగితముపై మిగిలినది.

మరి పాతబస్తీలో, తమ ముత్తవ్వ ఇంట ఒక పరాసు తాత యుండెనని పెద్దలు చెప్పగా విన్న కుటుంబమేదైన ఉన్నచో, అది ఎట్లు వెదకవలెను? మొదట బ్రతికియున్న వృద్ధుల మాటలను, విన్నవి విన్నట్లు, చెప్పినవారి పేరుతోను తేదీతోను వ్రాసికొనవలెను. ముఖ్యముగా ముసలి స్త్రీలను అడుగవలెను. పుట్టింటి కథలు వారియొద్దనే ఉండును. పిదప ఇంటిలోని నికానామాలు, ఇనాము సనదులు, సమాధి ఫలకములు చూడవలెను. అటుపిమ్మట హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర దస్తావేజుల భాండాగారమున నిజాము కాలపు పారసీక దఫ్తరులను, ఇంగ్లీషు రెసిడెన్సీ వ్రాతలను ఆశ్రయింపవలెను. 1908 సెప్టెంబరు నాటి మూసీ వరదలో కొట్టుకొనిపోయిన ఇండ్లతో పాటు ఎన్ని పెట్టెల కాగితములు పోయినవో ఊహింపవలసినదే. కనుక మిగిలిన ఒక్క తునుకయైనను విలువగలది.

జాగ్రత్తలును కలవు. ధ్వని సామ్యము సాక్ష్యము కాదు. మూసా అను పేరుగల ప్రతివాడును మొస్యో సంతతి కాడు. తొంబదితొమ్మిది పాళ్ళు అది ప్రవక్త పేరే. వంశకథలు పెద్దపేర్ల వైపు ఒరుగుట సహజము. పేరులేని సిపాయి కంటె రేమాండే తాతయైనచో గొప్పగా నుండునని మనస్సు కోరును. కెనడాలో వంశము వెదకువారు పుట పుటకు తేదీని సరిచూచుకొని గాని ఒక్క మెట్టు ఎక్కరు. ఆ నియమము ఇచ్చటను అవసరము. ఇటీవల రక్తపరీక్షకు బదులు లాలాజలముతో చేయు జన్యుపరీక్షలు వచ్చినవి. అవి ఐరోపా రక్తము కొంత కలిసినదో లేదో కొంతవరకు తెలుపగలవు. కాని ఆ వచ్చినవాని పేరేమో, ఊరేమో, ఆ తల్లి ఎవరో అవి చెప్పలేవు.

వెదకువారందరు తండ్రి పేరుకొరకే వెదకుదురు. కాని ఈ కథలో ఓడనెక్కి పోయినవారు తండ్రులు. ఉండి, పిల్లలను పెంచి, వారికి భాషను, మతమును, పేరును ఇచ్చినవారు తల్లులు. క్విబెక్ పుస్తకములు కన్యల పుట్టింటి పేర్లను సైతము దాచినవి. పాతబస్తీ తల్లుల పేర్లను ఏ పుస్తకమును దాచలేదు. అస్మాన్‌గఢ్ మెట్టపై మంటపము 2001లో కూలిపోగా ప్రభుత్వము దానిని తిరిగి నిలిపినది. రాతిని తిరిగి నిలుపుట సాధ్యమే. ఇంటి పెద్దముసలమ్మ చెప్పు మాటకు అట్టి పునర్నిర్మాణము లేదు. ఆమె ఉన్నపుడే ఆమె తల్లి పేరును, ఆ తల్లి తల్లి పేరును అడిగి, ఒక పుస్తకమున వ్రాసి యుంచుట పరాసు తాత ఉన్న ఇంటికే గాక, లేని ఇంటికిని అవసరమైన పని.